రాకాసి గూళ్ల తాతలు

పోయిన వారం క్రిస్టినాను గుంతలో దింపి, నిచ్చెన పైకి లాగేసి, మనం మన మన పనుల మీద పోయాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది. అయితే మనకు వారం గడిచిందేమో గానీ అక్కడ గడవలేదు. రఘుపతి నిచ్చెనను గట్టు మీద పడేసి, చేతికంటిన మట్టిని ప్యాంటుకు తుడుచుకునేంత సేపే అయింది.

ఈ వారమే మనతో కలిసినవాళ్లకు నాలుగు మాటలు చెప్పాలి. సెంటినరీ కాలనీ దాటి లోపలికి పోతే ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని అంచున గూళ్లపల్లె ఉంది. గని పెరుగుతోంది, పల్లె లేవాలి. ఇదిగో లేపుతాం, అదిగో లేపుతాం అని ఏళ్లు గడుస్తున్నాయి గానీ లేపడం లేదు. ఉన్న ఇల్లు కూలితే కట్టుకోవడానికి లేదు. విత్తనం వేస్తే కోత దాకా పొలం ఉంటుందన్న నమ్మకం లేదు. రేపు ఉంటదో ఊడుతదో తెలియని ఊరికి పిల్లనిచ్చేవాడూ లేడు. పైగా ఊళ్లో ఎవరి దగ్గరా పట్టా కాగితం లేదు. "మీరు మొన్న మొన్న గుడిసెలేసుకున్నోళ్లు, మీకు కొత్త కాలనీల జాగ ఎట్ల వస్తది?" అని సర్వేకు వచ్చినవాళ్లలో ఎవరో అననే అన్నారు. రఘుపతికి ఒళ్లు మండిపోయింది. వాళ్లను ఊరి వెనక్కి తీసుకుపోయి, గుండ్రంగా పేర్చిన పెద్ద పెద్ద రాళ్లను చూపించి, "ఇగో, ఇవి మా తాతముత్తాతల సమాధులు. మేం మొన్న వచ్చినోళ్లమా?" అని అడిగేశాడు.

ఆ రాళ్లు ఏమిటో ఊరందరికీ తెలుసు. అవి రాకాసి గూళ్లు. ఎప్పుడో వెనకట రాకాసులు కట్టుకున్న ఇళ్లని పెద్దలు చెప్పేవాళ్లు. పగటిపూట కూడా అటు మేకలను తోలరు, చంటిపిల్లలను ఎత్తుకుని అటు నడవరు. అలాంటి రాళ్లకు తెల్లారేసరికి సున్నం పడింది, పసుపు పడింది, కుంకుమ బొట్లు పడ్డాయి. మొన్న పెత్రమాసకు ఊరంతా పోయి ఆ రాళ్ల ముందు బియ్యం, కూరగాయలు పెట్టి, చచ్చిపోయిన తమవాళ్లను పేరు పేరునా తలుచుకుని ఫొటోలు కూడా దిగారు. రాకాసులు తాతలైపోయారు!

అక్కడే పప్పులో కాలేశారు. అంత పాత సమాధులంటే ఊరికే వదిలేస్తారా? అధికారులు పురావస్తు శాఖ వాళ్లను పిలిచి చూడమన్నారు. జగదీశ్వర్ సార్ వచ్చాడు, ఆయన కింద పనిచేసే క్రిస్టినా వచ్చింది. తవ్వకం మొదలైంది. సార్ పని మీద హైదరాబాద్ పోయాడు. ఊరి సంగతి తేల్చే సోమవారం మీటింగులో ఈ రాళ్ల సంగతి చెప్పాల్సింది క్రిస్టినాయే. అందుకే పొద్దున కూలికి వచ్చిన ఊరివాళ్లే మధ్యాహ్నం సద్ది తిని లేచి, ఆమె గుంతలో ఉండగానే నిచ్చెన లాగేశారు.

ఇక కథలోకి పోదాం.

"అన్నా, పరాచికాలు చాలు. నిచ్చెన దించు," అంది క్రిస్టినా.

"పరాచికం గాదు చెల్లె," అన్నాడు రఘుపతి. మొరటువాడేం కాదు. ఓపెన్‌కాస్టులో కాంట్రాక్టరు దగ్గర డంపర్ నడుపుతాడు, ఆడపిల్లల ముందు గొంతు పెంచడు. ఇప్పుడు కూడా సిగ్గుపడుతూనే గట్టు అంచున గొంతుక్కూర్చున్నాడు. "నువ్వు ఒక్క మాట అను. ఇవి మా తాతల సమాధులేనని సోమారం నాడు చెప్తనని అను. గా యేసుప్రభువు మీద ఒట్టెయ్యి. దించుత."

ఆయన వెనక ఊరి జనం నిలబడ్డారు. అందరూ తెలిసిన మొహాలే. పొద్దున ఆమెకు చాయ్ తెచ్చిన సంతోషి కూడా అందులో ఉంది, మొహం మాత్రం పక్కకు తిప్పుకుంది.

గుంత మనిషి మీద సగం మనిషి లోతు. నడుమ నాలుగు బండలు నిలువుగా పాతి కట్టిన రాతిపెట్టె, దాని చుట్టూ క్రిస్టినా నిలబడడానికి చాలినంత చోటు. పెట్టెలో నలుపూ ఎరుపూ కలిసిన కుండలు, తుప్పుపట్టిన ఇనుప కత్తి ఒకటి, పొడి పొడిగా మారిన ఎముకలు. ఎంతో ఓపికగా బ్రష్‌తో ఒక్కొక్కటీ తేల్చింది. పొద్దుటి నుంచీ ఆ లోతు ఆమెకు గుర్తే లేదు. నిచ్చెన లేకపోయేసరికి నాలుగు గోడలూ ఒక్కసారి దగ్గరికి జరిగినట్టయింది.

వాళ్లింట్లో తాత బాయిలో, అంటే భూమి కింది బొగ్గుగనిలో దిగాడు, తండ్రి సామ్యేల్ బాయి మీద పనిచేసి రిటైరయ్యాడు. 'పైకి దారి చూసుకున్నాకనే కిందికి దిగాలె' అని తండ్రి చిన్నప్పుడు వందసార్లు చెప్పాడు. తీరా చూస్తే ఆమె దారి చూసుకునే దిగింది. ఆ దారి మీద మనుషులున్నారని చూసుకోలేదు.

"ఒట్టు వెయ్యనన్నా," అంది.

"ఎందుకెయ్యవు?"

"ఇవి మీ తాతలయి కావు. రెండున్నర వేల ఏండ్ల కిందటివి. అప్పటికి మీ ఊరు లేదు, మా ఏసుప్రభువు పుట్టనే లేదు. ఆయన మీద ఎట్ల ఒట్టెయ్యాలె?"

గట్టు మీద ఎవరో కిసుక్కున నవ్వి, అంతలోనే నోరు మూసుకున్నారు. రఘుపతి మాత్రం నవ్వలేదు.

"చెల్లె, మంచిగ అడుగుతున్న. రెండు వేల ఏండ్ల కింద సచ్చినోడు అచ్చి నిన్ను నిలదీస్తడా? వాని పేరే నీకు తెల్వదు. వానికి పెండ్లాం పిల్లలెవలో తెల్వదు. గసొంటోని కోసం బతికున్నోళ్లను ముంచుతవా? నీ సదువు ఎవలికి పనికొస్తదో చెప్పు. నాకు అర్థమయ్యేటట్టు చెప్పు."

తవ్వకం చూడడానికి వచ్చే కాలేజీ పిల్లలు అడిగితే క్రిస్టినా చెప్పే మాటలు చాలా ఉన్నాయి. వారసత్వం, సంస్కృతి, చరిత్ర. వాటిలో ఏదీ ఈ గుంతలోంచి పైకి చేరేలా లేదు. ఈయన పెద్దకొడుకుకు మూడు సంబంధాలు వచ్చి తప్పిపోయాయి, ఊరు లేదని. ఇల్లు వాన కురిస్తే కురుస్తోంది, కప్పు మార్చుకోవడానికి లేదు. ఊరంతా ఆమెలాగే గుంతలో ఉంది, కాకపోతే వాళ్లది ఏళ్ల నుంచీ.

"కాగితాలున్నోళ్లకు నా సదువు అక్కర లేదన్నా," అంది చివరికి. "పటేండ్లకు, దొరలకు కాగితాలున్నయి. వాళ్ల తాత పేరు ఆఫీసుల దొరుకుతది. మీకేమున్నది? మాకేమున్నది? మా తాత బొగ్గుబాయికి కూలికొచ్చినప్పుడు ఆయన పేరు సుతం సక్కగ రాసుకోలేదు. మనసొంటోళ్ల సంగతి చెప్పేది మట్టి ఒక్కటే. గా మట్టి మీద గూడ అబద్ధం చెప్తే ఇగ మనకేం మిగుల్తది?"

"గదే చెప్పుమంటున్న. మట్టిని మా దిక్కు చెప్పుమను."

"మట్టి ఎవల దిక్కు చెప్పదు. దొరికింది దొరికినట్టు చెప్తది. ఇయ్యాల నేను మీ కోసం అబద్ధం రాస్తే, రేపు ఇంకో సారొచ్చి ఒక్క కుండపెంక చూసి 'ఇది అబద్ధం' అంటడు. అప్పుడు మీరు నిజం చెప్పినా ఎవలూ నమ్మరు. మీ ఊరే అబద్ధమైతది."

ఈ మాటకు గట్టు మీద గుసగుసలు లేచాయి. అప్పుడే జనాన్ని తోసుకుంటూ పోశవ్వ వచ్చింది.

పోశవ్వ రఘుపతి తల్లి. నుదుట పెద్ద కుంకుమ బొట్టు, మెడలో పుస్తెలతాడు. చూసినవాళ్లు మొగుడు ఇంట్లో కూర్చుని చుట్ట కాలుస్తున్నాడేమో అనుకుంటారు. ఆ మొగుడు కనబడక నలభై ఏళ్లు. పేరు ముత్యం. రఘుపతి ఉయ్యాలలో ఉండగా ఒకరోజు పాత బాయికి డ్యూటీకి పోయాడు, మళ్లీ ఇంటికి రాలేదు.

బాయిలో ఒక లెక్క ఉండేది. ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఉంటుంది. దిగే ముందు ఆ బిళ్ళను దీపాల గదిలో ఇచ్చి దీపం తీసుకుంటారు. పైకి వచ్చాక దీపం ఇచ్చేసి బిళ్ళ తీసుకుని ఇంటికి పోతారు. మేకుకు బిళ్ళ వేలాడుతుంటే మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. ఆ రోజు దీపాల గదిలో డ్యూటీ చేసింది సామ్యేల్, మన క్రిస్టినా తండ్రి. "ముత్యం దీపం తిరిగియ్యలేదు, బిళ్ళ మేకుకే ఉన్నది," అని ఆయన చెప్పాడు. కింద మూల మూలా వెతికారు. మనిషి లేడు, శవమూ లేదు. ఇక మిగిలింది ఒకటే మాట. పాత ఇంక్లైన్ ఏటవాలు దారిలోంచి దీపంతో సహా పైకి వచ్చి ఎక్కడికో పారిపోయాడన్నారు. ఎవత్తినో లేపుకుపోయాడని కూడా అన్నారు. ఊరి నోటికి తాళం ఎవరు వేస్తారు?

పోశవ్వ మాత్రం బొట్టు తీయలేదు. "తియ్యకు చెల్లె, వస్తడు," అని ఆ రోజుల్లో ధైర్యం చెప్పింది కూడా సామ్యేలే. అప్పటి నుంచీ ప్రతి క్రిస్మస్‌కూ ఆ ఇంటికి కేకూ, చీరా వస్తున్నాయి. పోశవ్వకు ఆయన మాట వేదం. మొన్న పెత్రమాస నాడు రాళ్ల ముందు ఊరంతా తమ తమ పెద్దలను తలుచుకుంటుంటే, రఘుపతి తండ్రి పేరు ఎత్తబోయాడు. పోశవ్వ కొడుకు నోరు చేత్తో మూసింది. బతికున్నోనికి బియ్యం పెడుతవారా అని తిట్టింది. భార్యగా ఉండడానికి మొగుడు లేడు, విధవగా ఉండడానికి చావు కబురు లేదు. నలభై ఏళ్లు ఆ రెంటి మధ్యే ఇరుక్కుపోయింది ఆ తల్లి.

ఆమె కుడిచేతి మీద ఒక పచ్చబొట్టు ఉంది. ఆ ముచ్చట చెప్పకుండా ముందుకు పోలేం. పెళ్లైన కొత్తలో పచ్చబొట్లు పొడిచే ఆమె ఊళ్లోకి వచ్చి, "మొగుని పేరు చెప్పు, పొడుస్త," అంది. పోశవ్వ చెప్పలేదు. మొగుడి పేరు నోటితో ఎట్లా అంటుంది? ఎంత అడిగినా తల వంచుకుని నవ్వుతుంది గానీ చెప్పదు. చివరికి లోపలికి పోయి, దండేనికి తగిలించిన మొగుడి చొక్కా జేబులోంచి ఇత్తడి బిళ్ళ తెచ్చి చూపించింది. పొడిచే ఆమెకూ చదువు రాదు. బిళ్ళ మీద ఉన్న గీతలే పేరనుకుని ఉన్నవి ఉన్నట్టు దించేసింది. అందుకే ఊళ్లో ఆడవాళ్లందరి చేతుల మీదా మొగుళ్ల పేర్లుంటే, పోశవ్వ చేతి మీద 613 అని ఉంటుంది. ముత్యం ఆ సాయంత్రం ఇంటికి వచ్చి చూసి పడీ పడీ నవ్వాడట. ఈ మాట పోశవ్వే పోయిన ఆదివారం క్రిస్టినాకు చెప్పి, తానూ నవ్వి, తర్వాత కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"ఏందిరా ఇది?" అంది పోశవ్వ, కొడుకును చూసి. "ఆడివిల్లను గుంతల పెట్టి నిచ్చెన గుంజుకుంటరా? సిగ్గు లేదు?"

"నువ్వు నడుమ రాకే అవ్వా. సామేల్ పెద్దబాపుకు ఫోన్ జేసిన, వస్తున్నడు. బిడ్డకు బుద్ధి చెప్పుకుంటడు."

"ఆయన వచ్చి నీకే చెప్తడు బుద్ధి." పోశవ్వ గట్టు మీద కూలబడి, కాళ్లు గుంతలోకి వేలాడేసింది. "బిడ్డా, నువ్వు చెప్పు. వీడు అంటున్నదాంట్ల తప్పేమున్నది? మేం ఈడ ఎప్పటి నుంచో ఉన్నం. మా అత్త ఈడ్నే పుట్టింది, ఆమె అత్త ఈడ్నే సచ్చింది. అబద్ధం చెప్తున్నమా?"

"అవ్వా, మీరు ఎప్పటి నుంచో ఉన్నది నిజం. దానికి గీ రాళ్లను చూపిచ్చుడే అబద్ధం," అంది క్రిస్టినా. ఒక ఆలోచన రెండు రోజుల నుంచీ ఆమె తలలో తిరుగుతోంది. సార్‌ను అడిగాక చెబుదామనుకుంది. ఇప్పుడు ఆగే పరిస్థితి లేదు. "నన్ను మీ పెంటకుప్పలల్ల తవ్వనియ్యున్రి."

"ఏంది?" అన్నాడు రఘుపతి.

"పెంటకుప్పలన్నా. ఇండ్ల వెనక ఉన్నయే. బూడిద, పగిలిన కుండలు, అరిగిన విసుర్రాయి, గాజు ముక్కలు, అన్నీ ఒకదాని మీదొకటి తరాల నుంచి పడి ఉంటయి. పై పొరల ప్లాస్టిక్ గాజులుంటయి, దాని కింద మట్టిగాజులు, ఇంక కిందికి పోతే నిజాం కాలం పైసలు. బాయి రాకముందు నుంచి ఈడ పొయ్యి వెలిగిందని పొర పొర చూపిస్త. ఎవలూ కాదనలేరు."

జనంలో నవ్వు మొదలైంది. ఈసారి ఎవరూ ఆపుకోలేదు.

"పెంటకుప్ప వచ్చి మీటింగుల సాక్ష్యం చెప్తదా?" అన్నాడు రఘుపతి, వద్దనుకుంటూనే నవ్వుతూ.

"చెప్తది. మనిషి అబద్ధం ఆడుతడు, పెంటకుప్పకు ఆ తెలివి లేదు."

"మా అత్త చారు కాసే రాతిగురిగి పగిలితే గాడనే పారేసిన," అంది పోశవ్వ మెల్లగా, ఏదో జ్ఞాపకం తవ్వుకుంటున్నట్టు. "గది దొరుకుతదా బిడ్డా?"

"దొరుకుతది అవ్వా."

"దించురా నిచ్చెన," అంది పోశవ్వ.

రఘుపతి లేచాడు, మళ్లీ ఆగాడు. నమ్మాలని ఉంది, నమ్మితే ఏమవుతుందోనన్న భయమూ ఉంది. ఇన్నేళ్లలో ఎంతమంది ఎన్ని చెప్పలేదు? "సోమారం లోపల అయితదా?" అన్నాడు.

"కాదు. గడువు అడుగుదాం."

"అడిగినం. అడిగీ అడిగీ నోళ్లు పడిపోయినయ్ చెల్లె! నీ పెంటకుప్ప తేలేనాటికి మా ఊరి మీద మట్టిగుట్ట పోస్తరు. గీ రాళ్లకు కనీసం సున్నమన్న ఉన్నది, చూసినోడు ఆగుతడు."

"అట్లయితే గీ మూల సంగతి ఏం చెప్తవన్నా?" క్రిస్టినాకూ కోపం వచ్చింది. తూర్పు వైపు గోడను చేత్తో చూపించింది. "మిగిలిన మూడు దిక్కుల మట్టి పొరలు పొరలుగ గట్టిగ ఉన్నది. గీ దిక్కు మట్టంత కలగాపులగం. ఎవలో నడుమ వచ్చి తవ్వి, మళ్ల పూడ్చిండ్రు. బంగారం దొరుకుతదని తవ్విన దొంగలే కావచ్చు. మీ తాతల సమాధులైతే, దొంగలు తవ్వేదాక మీరెందుకు ఊకున్నరని అడుగుతరు. ఏం చెప్తవ్?"

రఘుపతి నోరు తెరిచేలోపే గని వైపు నుంచి సైరన్ మోగింది.

షిఫ్టు మారే వేళకు రోజూ మోగే బ్లాస్టింగ్ సైరనే. ఊళ్లో పిల్లలు దాన్ని లెక్కే చేయరు. ఇంటి గోడలు కదులుతాయి, గిన్నెలు గలగలమంటాయి, మళ్లీ ఎవరి పని వాళ్లు చేసుకుంటారు. కానీ ఆ వేళకు రోజూ క్రిస్టినా గుంతలో ఉండదు. సార్ కచ్చితంగా పెట్టిన నియమం అది. రఘుపతి గని వైపు ఒకసారి, గుంత గోడల వైపు ఒకసారి చూశాడు. మట్టిగోడ బ్లాస్టుకు ఏమవుతుందో ఓపెన్‌కాస్టులో పనిచేసేవాడికి వేరే చెప్పాలా?

"నిచ్చెన! జల్ది పట్టున్రా!" అని అరిచాడు.

ఇద్దరు ముగ్గురు ఒక్కసారే నిచ్చెన మీద పడ్డారు. తొందరలో అడ్డంగా దించారు. కింది మెట్టు రాతిపెట్టె బండకు తట్టుకుని ఆగిపోయింది. లాగండి, కాదు దించండి, అటు కాదు ఇటు అని నలుగురు నాలుగు దిక్కులా అరుస్తున్నారు. క్రిస్టినా రెండు చేతులూ చాచింది. వేళ్లకు మెట్టు తగిలింది.

అప్పుడు నేల కడుపులోంచి మోత వచ్చింది. చెవులకు వినపడే ముందే కాళ్లకు తెలిసింది. గట్టు మీది జనం వెనక్కి పరుగెత్తారు. తూర్పు గోడ ముందు సన్నగా చీలింది, పైనుంచి గులకరాళ్లు రాలాయి, తర్వాత గోడకు గోడ మెత్తగా, ఏ తొందరా లేనట్టు జారి ఆమె మీదికి వచ్చింది. "ప్రభువా!" అంది క్రిస్టినా. కళ్లు మూసుకుని రాతిపెట్టె బండను కౌగిలించుకుంది.

దుమ్ము అణిగేసరికి మోకాళ్ల దాకా మట్టిలో ఉంది. ఊపిరి ఆడుతోంది. కాళ్లు కదులుతున్నాయి. పైనుంచి పోశవ్వ ఏడుపు, రఘుపతి కేకలు వినిపిస్తున్నాయి. "చెల్లె! చెల్లె, పలుకు! నీ కాల్మొక్కుత, ఒక్కసారి పలుకు!"

"ఉన్న అన్నా. మంచిగనే ఉన్న," అంది దగ్గుతూ.

నిచ్చెన ఈసారి నిదానంగా, నిలువుగా దిగింది. ఆమె పక్కనే మట్టిలో కుదురుకుంది. ఎక్కితే చాలు, అయిపోయింది. క్రిస్టినా ఒక కాలు మట్టిలోంచి పీక్కుంది. రెండోది పీక్కుంటూ, ఆసరా కోసం జారిన గోడ వైపు చెయ్యి పెట్టింది.

చేతికి తగిలింది మట్టి కాదు. రబ్బరు. బూటు అడుగుభాగం, గనుల్లో పనిచేసేవాళ్లు వేసుకునే బూటు. దాన్నుంచి పైకి రెండు ఎముకలు. పెట్టెలో ఉన్నవాటిలా పొడి కాలేదు, ఇంకా గట్టిగా ఉన్నాయి. ఇంకాస్త పైన చివికిన గుడ్డపేలిక, గుడ్డ పక్కన చిలుము పట్టి పచ్చబడిన గుండ్రటి బిళ్ళ.

రెండున్నర వేల ఏళ్ల కిందటి మనిషికి బూట్లెక్కడివి?

దొరికిన వస్తువును దొరికిన చోటు నుంచి కదిలించకూడదు. ఫొటో తీయాలి, లోతు కొలవాలి, రాసుకోవాలి, అప్పుడే చేయి వేయాలి. చదువులో ఆమె నేర్చుకున్న మొట్టమొదటి పాఠం అది. చోటు నుంచి తీసిన వస్తువు సగం మూగదైపోతుంది. ఇదంతా ఆమెకు తెలుసు. తెలిసీ ఆ బిళ్ళను చప్పున లాగేసుకుంది. బొటనవేలితో ఒక్కసారి రుద్దింది. చిలుము కింద మొదట ఆరు కనిపించింది.

"చెయ్యియ్యి బిడ్డా, చెయ్యియ్యి," అంటూ పోశవ్వ గట్టు మీద బోర్లా పడుకుని కుడిచేయి కిందికి చాచింది. ముడతలు పడిన ఆ చేయి సరిగ్గా క్రిస్టినా కళ్ల ముందుకు వచ్చి ఆగింది. పచ్చటి గీతలు, కొంచెం వంకరగా. 613.

క్రిస్టినా పిడికిలి దానంతటదే బిగుసుకుంది.

బిళ్ళ మేకుకే ఉన్నదని చెప్పింది డాడీ. మేకుకు ఉంటే ఇక్కడికి ఎట్లా వచ్చింది? ఇది జేబులో ఉందంటే ముత్యం ఆ రోజు బాయి పైకి వచ్చాడు. దీపం ఇచ్చాడు. బిళ్ళ తీసుకున్నాడు. ఇచ్చింది దీపాల గదిలో ఉన్న మనిషి. ఇందాక నిచ్చెన లేనప్పుడు కూడా ఇంత ఇరుకనిపించలేదు.

వేళ్లు వదిలితే చాలు. మట్టిలో పడిపోతుంది, కాలితో తొక్కితే కలిసిపోతుంది. ఎవరూ చూడలేదు. పైకి ఎక్కి, సోమవారం తాతల సమాధులేనని చెప్పేస్తే ఊరికి ఊరు సంతోషపడుతుంది, ఇంట్లో తండ్రి ప్రశాంతంగా ప్రార్థన చేసుకుంటాడు. ఇందాక అంత గొప్పగా చెప్పిన మాటలన్నీ ముళ్లలా గుచ్చుకున్నాయి. చెప్పడం ఎంత సులువు! ఎదుటివాళ్ల తాతల గురించి ఎన్నయినా చెప్పొచ్చు.

"పిడికిట్ల ఏం వట్టుకున్నవ్ బిడ్డా?" అంది పోశవ్వ. "ఇడిసిపెట్టి చెయ్యియ్యి."

గట్టు వెనక టీవీఎస్ బండి ఆగిన చప్పుడైంది. జనం దారి ఇచ్చారు. తెల్ల చొక్కా, మెడలో మఫ్లర్‌తో సామ్యేల్ అంచు దాకా వచ్చాడు. ముందు కూతురిని చూశాడు. తర్వాత జారిన తూర్పు గోడను చూశాడు. అక్కడే చూపు ఆగిపోయింది.

"క్రిస్టీ," అన్నాడు. మళ్లీ అన్నాడు. "క్రిస్టీ, నా మాటిను. గా బిళ్ళను ఆడనే పారేసి పైకి రా బిడ్డా."

క్రిస్టినా తన పిడికిలి వైపు చూసుకుంది. మూసే ఉంది. ఒక్క వేలు కూడా లేవలేదు.

తండ్రి మొహం వంక మరోసారి చూసింది. చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని చర్చికి తీసుకుపోయిన మొహం అది. ఏడుపు తన్నుకొచ్చింది. ఏడ్చుకుంటూనే వెనక్కి తిరిగింది. మట్టిలో, గుడ్డపేలిక పక్కన, బిళ్ళ ఉన్న చోట గుండ్రటి పచ్చ మరక ఇంకా ఉంది. పిడికిలి విప్పి, బిళ్ళను ఆ మరకలో పెట్టింది. నలభై ఏళ్లు పడుకున్న చోట అది సరిగ్గా సరిపోయింది.

"ఎవలూ కిందికి దిగకున్రి," అంది. "ఏదీ ముట్టకున్రి. ఉన్నది ఉన్నట్టు ఉండాలె. రఘుపతన్నా, పోలీసోళ్లకు ఫోన్ చెయ్. సార్‌కు గూడ చెయ్."

రఘుపతి మట్టిలో ఉన్న బూటు వైపు చూస్తూ నిలబడిపోయాడు.

పోశవ్వ బోర్లా పడుకున్నది లేచి కూర్చుంది. కింద మరకలో ఉన్న బిళ్ళను చూసింది. తన చేతిని చూసుకుంది. ఎడమచేత్తో ఆ పచ్చబొట్టును ఒకసారి తడిమింది. ఏడవలేదు. బొట్టు మీద చేయీ వేసుకోలేదు. మెల్లగా తల తిప్పి, తన నలభై ఏళ్ల నమ్మకం వంక చూసింది.

"సామేలన్నా," అంది, "పిల్ల పిడికిలి ఇప్పకముందే, అండ్ల బిళ్ళ ఉన్నదని నీకెవలు చెప్పిండ్రు?"